శివారు చేనుకు నీళ్లు ఎవరిస్తారు?

కాలువ తూము దగ్గర రైతుకు కనిపించేది గేటు చూసే లస్కరు ఒక్కడే. గేటు ఎన్ని అంగుళాలు లేపాలో మాత్రం ఆయన ఇష్టం కాదు. ఆ మాట జలవనరుల శాఖ ఇంజినీర్ల నుంచి రావాలి.

ఇంకా పైకి వెళ్తే, మన రాజ్యాంగం నీటిని రాష్ట్రాల జాబితాలో పెట్టి, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణను కేంద్రానికిచ్చింది. రాష్ట్రాల మధ్య నీటి తగాదాలకు మూలం ఇక్కడే ఉంది. కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలని బచావత్ ట్రిబ్యునల్ తేల్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణాకు, గోదావరికి వేర్వేరు యాజమాన్య బోర్డులు వచ్చాయి. వరద అంచనాలు చెప్పేది 1945లో పుట్టిన కేంద్ర జలసంఘం. భూగర్భ జలాలకు ఇంకో బోర్డు. ఇన్ని ఆఫీసులున్నా, బోరు ఎండిన రైతుకు ఏ గడప తొక్కాలో తెలియదు. అది వేరే సంగతి!

నన్నడిగితే, రైతుకు వీటన్నిటికన్నా దగ్గరిది నీటి వినియోగదారుల సంఘం. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో చేసిన చట్టంతో ఏర్పడింది. ఆయకట్టు రైతులే అందులో సభ్యులు, ఓటర్లు. వంతులవారీగా నీళ్లు పంచుకోవడం, పూడిక తీయించడం, గట్లు బాగుచేయించడం దాని పనులు. శివారు చేను తడవాలన్నా, బీడు పడాలన్నా చాలావరకు ఈ పనుల మీదే ఆధారం.

మీ కాలువకు సంఘం ఉందేమో కనుక్కోండి. ఉంటే ఈసారి సమావేశానికి వెళ్లి, పూడికతీతకు ఎంత ఖర్చు రాశారో అడగండి.