రోడ్డు పటంలో సైకిలుకు చోటు
(మన సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరింగు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నేను సర్వీసంతా రోడ్ల పటాలు గీసినవాణ్ణి. చాలా ఏళ్ళు ఆఫీసుకు సైకిలు మీదే వచ్చాను. అయినా నేను గీసిన ఏ పటంలోనూ సైకిలుకు చోటు చూపలేదు. మా అటెండరు ఒకాయన మురుగుకాల్వ జాలీని తప్పించబోయి లారీ కింద పడ్డాడు. జాలీ కడ్డీలు దారి పొడవునా ఉండటంతో సన్న చక్రం వాటి మధ్య ఇరుక్కునేది. అడ్డంగా బిగిస్తే సరిపోయేది. ఆ పటం మీద నా సంతకం కూడా ఉంది. అందుకే ఈ రోజు మాట్లాడుతున్నాను.

పాత వీధిని తవ్వి కొత్తగా వేసేటప్పుడు సైకిలు దారి ఎలా ఉండాలన్నదే వాదన. గీత గీస్తే చాలని కొందరంటారు. గీత మీద సాయంత్రానికి కార్లు నిలుస్తాయి. గట్టు కట్టి వేరు చేయాలని కొందరంటారు. అదొక్కటే చాలదు. ఢిల్లీలో 2008లో 5.8 కిలోమీటర్ల బస్సు కారిడారు పక్కన సైకిలు దారి వేశారు. మోటారు సైకిళ్ళు అందులోకి చొరబడ్డాయి. 2016లో కారిడారునే తొలగించారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలారు కప్పుతో 23 కిలోమీటర్ల దారి వచ్చింది. సంతోషమే. కానీ అది పాలబ్బాయి ఇంటింటికీ తిరిగే వీధి కాదు గదా!

నెదర్లాండ్సులో 1971లో సుమారు 3,300 మంది రోడ్ల మీద మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగారు. ఆ తర్వాతే వీధులు మారాయి.

చోటెక్కడిదని దుకాణదారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 18 మీటర్ల వీధి తీసుకోండి. రెండు వైపులా 1.8 మీటర్ల ఫుట్‌పాత్, 2 మీటర్ల సైకిలు దారి ఇస్తే 7.6 మీటర్లు పోతాయి. వాహనాలకు 7 మీటర్లు. ఇంకా 3.4 మీటర్లు మిగులుతాయి. ఒక వైపు పార్కింగుకూ, చెట్లకూ అవి చాలు. బస్‌స్టాపు దగ్గర సైకిలు దారి స్టాపు వెనుక నుంచి పోవాలి. ఫుట్‌పాత్ దానికంటే కొంచెం ఎత్తుగా ఉండాలి. లేకుంటే సైకిళ్ళు మన మోకాళ్ళ మీదికే వస్తాయి.

మిత్రులారా! మీ వీధి తవ్వకముందే వెళ్ళి అడ్డకోత పటం చూపమని అడగండి. అందులో సైకిలు లేకపోతే పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వండి. కాంక్రీటు పోశాక అడిగితే వినేవాడుండడు. మనకు తీరిక ఉంది, అర్జీ రాయడం మనకు కొత్త కాదు.