గరిజెలు

ముంబైలోని వర్లి బీడీడీ చాళ్లలో, 1920లలో కట్టిన 160 చదరపు అడుగుల గదుల్లో, మిల్లు పనులకొచ్చిన తెలంగాణ కుటుంబాలు కాపురాలు పెట్టాయి. దీపావళికి వాళ్లవి గరిజెలు, పక్కింటి మరాఠీవాళ్లవి కరంజీలు. కోస్తావాళ్లకవే కజ్జికాయలు, ఉత్తరాదిలో హోలీకి గుజియాలు.

లోపల ఎండుకొబ్బరి, పుట్నాలపొడి, చక్కెర, యాలకులు. నన్నడిగితే, నువ్వులు లేనిది గరిజె కాదు! పనితనమంతా అంచులోనే. తడిచేసి గట్టిగా నొక్కకపోతే మూకుట్లో నోరు తెరుస్తుంది. పూర్ణం నూనెలో పడి మాడి, వాయంతా నల్లబడుతుంది. సన్నసెగన వేయించండి. చల్లారాకే డబ్బాలో పెట్టండి, లేదంటే మెత్తబడతాయి.