కట్టడముల చరిత్ర - బాలల చదువు



కట్టడమునకును వయస్సు కలదు. అది ఒరుగును, బీటలు వాఱును, బాగుచేయువారున్నచో మరల నిలుచును. బాలలకు ఈ సంగతి బోధించుటకు హనుమకొండ వేయిస్తంభాల గుడి చక్కని పాఠము. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి యెదుటి కల్యాణమండపము శిథిలము కాగా, పురావస్తుశాఖవారు దానిని విప్పి, రాళ్లకు అంకెలు వేసి, పునాది గట్టిపఱచి తిరిగి కూర్చిరి. 2024 మార్చిలో అది మరల తెఱవబడినది.

అచ్చటికి పిల్లలను గొనిపోయిన ఉపాధ్యాయుడు ‘ఎంత గొప్పది!’ అని ఊరకుండరాదు. పాత రాయి యేది, క్రొత్త రాయి యేది అని వారిచేతనే వెదకింపవలెను. పిమ్మట సొంత ఊరి గుడిని చూపవలెను. శాసనముపై సున్నము పూయుట జీర్ణోద్ధరణము కాదు; అది ఊరి జ్ఞాపకమును చెఱిపివేయుట. ఆ అక్షరముల విలువ నెఱిగిన బాలుడే రేపు సున్నపు కుంచెను ఆపగలడు.