స్పోర్ట్స్ కారుకి జాకీ ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే స్పోర్ట్స్ కారుని జాకీతో లేపడం గురించి మాట్లాడుకుందాం. పని చిన్నదే. కానీ ఒకటిన్నర టన్ను బరువు జారితే రెండో ఛాన్స్ ఉండదు. అందుకే నిదానంగా చెప్తాను, నిదానంగా వినండి.

అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో కారు నడిపేవాళ్ళకి సమస్య తెలుసు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒకసారి, సెల్లార్ ర్యాంప్ దగ్గర ఒకసారి కింద గీసుకుంటుంది. జెడ్4, మస్టాంగ్ లాంటి కార్లకి మరీ ఎక్కువ. ఏం తగిలిందో, బ్రేక్ ప్యాడ్లు ఎంత మిగిలాయో చూద్దామంటే మామూలు ట్రాలీ జాకీ అసలు కిందకి దూరదు. జాకీ తల 130, 140 ఎంఎం ఎత్తు ఉంటుంది, కారు అంతకంటే కిందకి ఉంటుంది. ఇలాంటి చాలా కార్లలో డిక్కీ తెరిచినా స్టెప్నీ ఉండదు, జాకీ కూడా ఉండదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి లో ప్రొఫైల్ జాకీ. దీని తల 75 నుంచి 100 ఎంఎం మధ్యలో ఉంటుంది, రాణిగంజ్ టూల్స్ షాపుల్లో అడిగి చూడండి. రెండోది ఇంకా చవక. టింబర్ డిపోలో 40 ఎంఎం మందం, 10 అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవున్న చెక్కలు రెండు తీసుకోండి. ఒక అంచు ఏటవాలుగా కోయించండి. ముందు చక్రాలు వాటి మీదకి మెల్లగా ఎక్కించండి. కారు ముందు భాగం 40 ఎంఎం లేచినట్టే, జాకీకి దారి దొరికినట్టే. చెక్క బదులు ఇటుకలు మాత్రం వద్దు. ఇటుక వంగదు, ముందు చెప్పదు, ఒక్కసారిగా పగులుతుంది.

ఇప్పుడు నేల సంగతి. మన అపార్ట్‌మెంట్లలో సంపు చాలాసార్లు పార్కింగ్ కిందే ఉంటుంది. సంపు మూత మీద, డ్రైనేజీ మూత మీద జాకీ పెట్టకండి. చక్రాల బరువు నాలుగు చోట్ల పంచుకుంటుంది, జాకీ బరువు మాత్రం అరచేయంత చోట పడుతుంది. ర్యాంప్ మీద, వాలు మీద అసలే వద్దు. ఇంకో విషయం, జాకీ చేయి పైకి లేచేటప్పుడు నిలువుగా లేవదు, వంపుగా తిరుగుతుంది. అందుకే జాకీ చక్రాలు కొంచెం ముందుకో వెనక్కో దొర్లాలి. టైల్స్ సందులో, ఇసకలో ఇరుక్కుంటే జాకీ కదలదు, దాని బదులు కారు పక్కకి జరుగుతుంది.

ఇక్కడే అసలు పాయింట్. చాలామంది 'హ్యాండ్ బ్రేక్ వేశాను, గేర్‌లో పెట్టాను, ఇంకేంటి' అంటారు. హ్యాండ్ బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. మస్టాంగ్, జెడ్4 లాంటి వాటిలో ఇంజిన్ తిప్పేది కూడా వెనక చక్రాలనే. అంటే గేర్‌లో పెట్టినా, ఆటోమేటిక్‌లో పార్క్ పెట్టినా ఆగేవి అవే. మీరు వెనక భాగం మొత్తం లేపారనుకోండి, ఆ రెండు పట్లూ గాల్లోకి పోయాయి. నేల మీదున్న ముందు చక్రాలని పట్టుకునేది ఏదీ లేదు. లారీ ఆగగానే క్లీనర్ దిగి చక్రానికి దిమ్మ పెడతాడు చూడండి, ఆయనకి ఈ ఫిజిక్స్ ఎవరూ చెప్పలేదు, అయినా కరెక్ట్‌గా చేస్తాడు. లేపే వైపు కాకుండా నేల మీదుండే చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ఆ తర్వాతే జాకీ ముట్టుకోండి.

వరుస ఇలా పెట్టుకోండి. చక్రం విప్పాల్సి ఉంటే బోల్టులు నేల మీదుండగానే కొద్దిగా లూజు చేయండి, గాల్లో ఉన్నప్పుడు పానా మీద బలం పెడితే కారు ఊగుతుంది. జాకీ పాయింట్ ఎక్కడో కారు మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, గుడ్డిగా ఫ్లోర్ కింద పెడితే రేకు సొట్ట పోతుంది. జాకీ తల మీద గాడి ఉన్న రబ్బరు ముక్క పెడితే అంచు నలగదు. కొద్దిగా లేపి ఆపండి, చుట్టూ తిరిగి చూడండి, మళ్ళీ లేపండి.

జాకీ ఉన్నది లేపడానికే, మోయడానికి కాదు. లోపల ఒక రబ్బరు సీల్ నూనెని ఆపుతుంది. అది కారితే కారు దిగిపోతుంది. మోయడానికి జాక్ స్టాండ్ కావాలి. కానీ జాకీ పాయింట్ మీద జాకీయే కూర్చుంటే స్టాండ్ ఎక్కడ పెట్టాలి? కొన్ని కార్లలో ముందు భాగం మధ్యలో లేపడానికి ఒక చోటు ఉంటుంది. మాన్యువల్‌లో అది చూపిస్తే అక్కడ లేపి, రెండు పక్కల పాయింట్ల కింద స్టాండ్లు పెట్టి, కారుని వాటి మీదకి దించండి. చూపించకపోతే ఊహించకండి. ఒక మూల మాత్రమే లేపి చక్రం పని చూసుకోండి, విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టండి. కారు జారినా ఆ చక్రం మీద ఆగే అవకాశం ఉంటుంది. అప్పుడు కూడా కిందకి మాత్రం దూరకండి. కింద పడుకుని చేసే పని ఏదైనా గ్యారేజీ లిఫ్ట్‌కి వదిలేయండి.

స్టాండ్ల మీద పెట్టాక కూడా, కిందకి వెళ్ళే ముందు కారుని చేత్తో గట్టిగా తోసి చూడండి. కదిలేదుంటే మీరు బయట ఉన్నప్పుడే కదలాలి. సాయంత్రం పార్కింగ్‌లో పిల్లలు క్రికెట్ ఆడతారు, బంతి కారు కిందకే వస్తుంది, దాని వెనకే పిల్లాడు వస్తాడు. అందుకే ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి, వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పండి, లేపిన కారుని వదిలి టీకి వెళ్ళకండి.

చెక్కలు, దిమ్మలు, రబ్బరు ముక్క, మంచి స్టాండ్లు. వీటన్నిటి ఖర్చు అలాంటి కారుకి ఒక టైరు ఖర్చు కంటే తక్కువే అవుతుంది. మీ ఇంట్లో ఎవరైనా కారు కింద దూరే అలవాటున్నవాళ్ళుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రేక్ ప్యాడ్లు చూడటం ఎలాగో మాట్లాడుకుందాం. జాగ్రత్త, ఉంటాను.