ట్రెయినింగ్ కాంట్రాక్ట్: ఆ కుర్చీ దాకా చేరడం ఎలా?

(ఇంగ్లండ్‌లో లా చదువుతున్న, చదవాలనుకుంటున్న తెలుగు విద్యార్థుల ఆన్‌లైన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లండ్‌లో లాయర్లు రెండు రకాలు. కోర్టులో నిలబడి వాదించడం ప్రధానంగా బారిస్టర్ పని. క్లయింటుతో మాట్లాడటం, కాగితాలు సిద్ధం చేయడం, ఒప్పందాలు రాయడం, కేసును బారిస్టర్‌కు అప్పగించడం సొలిసిటర్ పని. బాబాసాహెబ్ 1916లో లండన్‌లోని గ్రేస్ ఇన్‌లో చేరి, తర్వాత బారిస్టర్ అయ్యారని మనందరికీ తెలుసు. 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టాక ఏం జరిగిందో మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. అక్కడ కూడా బారిస్టర్‌కు కేసు రావాలంటే సొలిసిటర్ ఇవ్వాలి. కులం కారణంగా సొలిసిటర్లు ఆయన గడప తొక్కలేదు. అంత చదువుకున్న మనిషి కింది కోర్టుల కేసులతో, పార్ట్‌టైమ్ పాఠాలతో ఇల్లు గడపాల్సి వచ్చింది.

కేసు ఎవరి చేతికి వెళ్లాలో నిర్ణయించే కుర్చీ అది. ఈ రోజు మాట్లాడేది ఆ కుర్చీ గురించే. నేను లండన్‌లో సొలిసిటర్‌గా పనిచేస్తున్నాను, కొత్తవాళ్ల దరఖాస్తులు చదివే పని కూడా నాకు పడుతుంటుంది. అందుకే సూటిగా చెబుతాను.

ముందు దారి చూద్దాం. 2021 సెప్టెంబర్ నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్ష వచ్చింది. మొదటి భాగంలో రెండు పేపర్లు, ఒక్కోదానిలో 180 చొప్పున 360 ప్రశ్నలు. రెండో భాగంలో క్లయింటు ఇంటర్వ్యూ, డ్రాఫ్టింగ్, వాదన వంటి 16 పనులు చేసి చూపాలి. పరీక్ష ఫీజులే 4,500 పౌండ్లు దాటుతాయి, కోచింగ్ వేరే. దీనితోపాటు రెండేళ్ల పని అనుభవం ఉండాలి. ట్రెయినింగ్ కాంట్రాక్ట్ అంటే ఆ రెండేళ్లూ ఒకే ఫర్మ్‌లో, సాధారణంగా ఆరు నెలలకో విభాగం చొప్పున పనిచేయడం. పెద్ద ఫర్మ్‌లు పరీక్ష ఫీజులూ కోచింగ్ ఖర్చూ భరించి, చదువుకునే రోజుల్లో ఖర్చులకు కూడా ఇస్తాయి. పోటీ అంత గట్టిగా ఉండేది అందుకే.

అది దొరకకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. రెండేళ్ల అనుభవాన్ని నాలుగు సంస్థల దాకా పంచుకోవచ్చు. పారాలీగల్ ఉద్యోగం, యూనివర్సిటీ లా క్లినిక్, ఉచిత న్యాయసహాయ కేంద్రం కూడా లెక్కలోకి వస్తాయి. ఇంగ్లండ్‌లో అర్హత పొందిన సొలిసిటర్ ధృవీకరించగలిగితే వేరే దేశంలో చేసిన పని కూడా చెల్లుతుంది. ఇండియాలో పూర్తి అర్హత పొందిన అడ్వొకేట్ అయితే ఈ రెండేళ్ల అనుభవం అవసరమే లేదు, ఎస్‌క్యూఈ పాసైతే చాలు. ఎల్‌ఎల్‌బీ అయిపోయినవాళ్లు ఎన్‌రోల్‌మెంట్ పూర్తి చేసుకోకుండా విమానం ఎక్కవద్దు.

ఇక డబ్బు, వీసా. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గానీ, తెలంగాణ ఇచ్చే 20 లక్షల అంబేడ్కర్ విద్యానిధి గానీ యూనివర్సిటీ చదువు కోసం ఉద్దేశించినవి. ఎస్‌క్యూఈ ఖర్చు వాటిలోంచి వస్తుందని లెక్క వేసుకోకండి. ఉద్యోగ వీసా ఇవ్వాలంటే ఫర్మ్‌కు హోం ఆఫీస్ లైసెన్స్ ఉండాలి. ఆ జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. వారం రోజులు కూర్చుని దరఖాస్తు రాసే ముందు ఐదు నిమిషాలు ఆ జాబితా చూడండి.

గడువుల దగ్గర ఏడాది ఎల్‌ఎల్‌ఎంకు వచ్చేవాళ్లు ఎక్కువగా నష్టపోతారు. పెద్ద ఫర్మ్‌లు దాదాపు రెండేళ్లు ముందుగానే మనుషుల్ని ఎంచుకుంటాయి. వెకేషన్ స్కీమ్ అంటే కొద్ది వారాలు ఫర్మ్‌లో పనిచేయించి చూడటం. చాలా ఫర్మ్‌లు అందులోంచే ట్రెయినీలను తీసుకుంటాయి. వాటి గడువులు ఎక్కువగా నవంబర్, జనవరి మధ్య ముగుస్తాయి. మీరు సెప్టెంబర్‌లో దిగి, గది వెతుక్కుని, చలికి అలవాటు పడేలోపు అవి దాటిపోతాయి. కాబట్టి దరఖాస్తు చిత్తుప్రతులు ఇంటి దగ్గరే రాసుకుని రండి.

ఇప్పుడు దరఖాస్తు ఫారం. 'మా ఫర్మే ఎందుకు?' అని అడుగుతారు. మీ జవాబులో ఫర్మ్ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చదవండి. అప్పటికీ సరిపోతే అది జవాబు కాదు, చెరిపేయండి. 

'కమర్షియల్ అవేర్‌నెస్' అనే మాటకు మనవాళ్లు బెదిరిపోతారు. ఫైనాన్షియల్ టైమ్స్ ఇంటికి వచ్చే కుటుంబాలకే అది తెలుస్తుందనుకుంటారు. 2010 గుర్తు చేసుకోండి. ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణాల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు పడిపోయాయి, షేర్ కూలింది, అప్పిచ్చిన బ్యాంకులు ఇరుక్కున్నాయి. వారం వారం కిస్తీ కట్టిన అమ్మలున్న ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. అదే సంగతిని అప్పు తీసుకున్న మహిళ, కంపెనీ, బ్యాంకు, ప్రభుత్వం – ఈ నలుగురి వైపు నుంచీ చెప్పగలిగితే మీకు కమర్షియల్ అవేర్‌నెస్ ఉన్నట్టే.

అనుభవం గురించి రాసేటప్పుడు, 'నేను పేద కుటుంబం నుంచి వచ్చాను, ఎన్నో కష్టాలు పడ్డాను' అని రాస్తే చదివేవాళ్లకు జాలి కలుగుతుంది, మీ పనితనం తెలియదు. 'వెల్ఫేర్ హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నాను. సరుకుల తూకం తగ్గుతోందని రోజూ రిజిస్టర్ రాశాం. రెండు నెలల లెక్కతో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాం. కాంట్రాక్టర్ సరిచేశాడు' అని రాస్తే ఆధారాలు సేకరించడం, రాయడం, ఒప్పించడం వచ్చిన మనిషి కనిపిస్తాడు. ఊళ్లో పట్టాదారు పాసుపుస్తకం దరఖాస్తులు నింపిపెట్టడం, ఆర్‌టీఐ వేయడం, అట్రాసిటీ కేసులో బాధితులతో స్టేషన్‌కు వెళ్లడం కూడా న్యాయ అనుభవమే. ఏం చేశారు, ఎలా చేశారు, ఫలితం ఏమిటి – ఈ మూడూ చెప్పండి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బ్రిటిష్ విద్యార్థి వెనకబడిన బడిలో చదివితే చాలా ఫర్మ్‌లు ఆ సమాచారాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. అది అక్కడి బడుల డేటా. సాంఘిక సంక్షేమ గురుకులం అంటే ఏమిటో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. కులానికి గడి కూడా ఉండదు. అందుకే ప్రత్యేక పరిస్థితులు రాసుకునే చోటు ఉంటే, రెండు మూడు వాక్యాల్లో నేరుగా రాయండి: తెలుగు మీడియం, ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్, మీ కాలేజీ సగటు మార్కులు, అందులో మీ స్థానం.

కులం చెప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. చెప్పడం మీ హక్కు, చెప్పకపోవడమూ మీ హక్కే. ఇంటర్వ్యూలో మనదేశపు పెద్దమనిషి ఎదురై ఇంటిపేరు ఆరా తీస్తే, ఊరి పేరు చెప్పి మీ పని వైపు మాట మళ్లించండి. చట్టం మాత్రం తెలుసుకుని ఉండండి. కులాన్ని ఈక్వాలిటీ యాక్ట్‌లో జాతి వివక్షలో భాగంగా చేర్చాలని 2013లో పార్లమెంట్ ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. 2018లో ప్రభుత్వం ఆ పని చేయబోమని చెప్పి, కోర్టు తీర్పులు చాలంది. ఆ తీర్పుల్లో ముఖ్యమైనది తిర్కే వర్సెస్ చంధోక్. ఇంటిపనికి తెచ్చుకున్న ఒక ఆదివాసీ మహిళ వేసిన కేసు అది. కులం 'ఎత్నిక్ ఆరిజిన్స్' పరిధిలోకి రావచ్చని 2014లో అప్పీల్ ట్రిబ్యునల్ చెప్పింది. ఆమె తరఫున కాగితాలు సిద్ధం చేయడానికి లాయర్లు దొరికారు కాబట్టే ఆ తీర్పు వచ్చింది.

కార్పొరేట్ ఫర్మ్‌కు వెళ్తే ఉద్యమానికి దూరమైనట్టేనా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఎక్కడ పనిచేసినా, కేసు ఎవరికి ఇవ్వాలి, ఇంటర్న్‌గా ఎవరిని తీసుకోవాలి, ఉచితంగా ఎవరి తరఫున నిలబడాలి అన్న మాటలు నడిచే గదిలో మీరు ఉంటారు. ఇప్పటిదాకా ఆ గదిలో మనవాళ్లు చాలా తక్కువ. మీరు చేరాక మీ తర్వాతివాళ్ల దరఖాస్తులు చదివిపెట్టండి. నలుగురు కలిసి ఒకరి చిత్తుప్రతి ఒకరు దిద్దుకునే బృందం ఈ వారమే మొదలుపెట్టండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.

జై భీమ్.