డీఎన్ఏ పరీక్ష, వంశవృక్షంలో తేలని పేర్లు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తరువాత వంశవృక్షం రాయడం మొదలుపెట్టినవారు మనలో చాలామంది ఉన్నారు. మూడో తరం దగ్గరో నాలుగో తరం దగ్గరో ఒక పేరు తేలదు. "డీఎన్ఏ పరీక్షతో తేలుతుందా?" అని అడుగుతుంటారు. కార్యదర్శిగారు దానిమీదే పది నిమిషాలు మాట్లాడమన్నారు.

ఇందులో బాగా పేరుపడిన ఉదాహరణ అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌ది. ఆయన ఇంట బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ పిల్లలకు ఆయనే తండ్రి అన్న మాట 1802లోనే పత్రికకెక్కింది. ఆమె కొడుకు మాడిసన్ 1873లో అదే చెప్పాడు. జెఫర్సన్ మనుమలు మాత్రం ఆయన కాదు, ఆయన మేనల్లుళ్లు కార్ సోదరులు అన్నారు.

1998లో యూజీన్ ఫాస్టర్ అనే డాక్టరుగారు (మనలాగే రిటైరైనవారే!) దీన్ని పరీక్షకు పెట్టారు. వై క్రోమోజోము మన గోత్రంలాగే తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది, దాదాపు మారదు. భార్యవల్ల జెఫర్సన్‌కు దక్కిన కొడుకులు లేరు. అందుచేత ఆయన తండ్రికి తోడబుట్టిన ఫీల్డ్ జెఫర్సన్ వంశంలోని మగవారి రక్తం తీసుకున్నారు. శాలీ ఆఖరి కొడుకు ఎస్టన్ సంతతివాడితో అది సరిపోయింది. కార్ సోదరుల సంతతితో ఎస్టన్ వంశానికి పొసగలేదు. తామూ జెఫర్సన్ వంశమేనని తరతరాలుగా చెప్పుకున్న ఉడ్‌సన్ కుటుంబానికీ జెఫర్సన్ల గుర్తు కలవలేదు. వారి బాధ ఊహించుకోండి.

ఈ ఫలితం అచ్చువేసిన 'నేచర్' పత్రిక జెఫర్సనే తండ్రి అని శీర్షిక పెట్టింది. అది తొందరపాటని నా అభిప్రాయం. అదే క్రోమోజోము ఆయన తమ్ముడు రాండాల్ఫ్‌కూ ఉంటుంది కదా! శాలీ గర్భం దాల్చిన రోజుల్లో జెఫర్సన్ మాంటిసెల్లోలోనే ఉన్నాడని తేల్చినవి ఆయన రాసుకున్న లెక్కల పుస్తకాలు. అవన్నీ కలిపి చూసి, ఆ ఎస్టేటును నడిపే సంస్థ 2000లో ఆయనే తండ్రి అయివుండే అవకాశం చాలా ఎక్కువ అంది. పాత కాగితాలు దాస్తున్నామని మనల్ని నవ్వే పిల్లలు ఈ సంగతి వినాలి.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా తాతగారు దత్తుడు. దాయాదుల బిడ్డ అని కొందరు, పెంచిన తల్లి పుట్టింటివారి బిడ్డ అని కొందరు అంటారు. దత్తతతో గోత్రం మారుతుంది, క్రోమోజోము మారదు. మా దాయాది అన్నగారు ఒకరు కాస్త ఉమ్మి ఇస్తే, నాదానితో పోల్చవచ్చు. సరిపోతే మొదటి మాటకు బలం వస్తుంది. సరిపోకపోతేనే చిక్కు. అది దత్తతవల్లనా, వారి వంశంలోనే మధ్యలో ఎక్కడైనా తెగిందా అన్నది ఆ ఒక్క పరీక్ష చెప్పదు.

అన్నగారిని అడిగాను. "మీ తాతగారి సంగతి తేల్చబోయి మా తాతగారి సంగతి బయటపడితే?" అన్నారు. బదులు చెప్పలేకపోయాను. పరీక్ష సంగతి అక్కడే ఆగింది. దత్తత దస్తావేజు నకలు కోసం వచ్చే వారం రిజిస్ట్రారు ఆఫీసుకు దరఖాస్తు పెడుతున్నాను.