జారే అద్దానికి చెయ్యి అడ్డం పెట్టనివ్వకండి



మన సొసైటీ దగ్గరికి సాయం కోసం వచ్చేవారిలో అద్దాలు బిగించే కుర్రాళ్లూ ఉన్నారు. పోయినేడు ఒక అబ్బాయి వచ్చాడు. ఒక దుకాణంలో పాత తలుపు అద్దం దించుతుంటే జారింది, పట్టుకోబోయాడు, మణికట్టు తెగింది. మీరిచ్చిన సొమ్ముతోనే ఆపరేషన్ చేయించాం. ఈ రోజుకీ అతని రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు.

ఆ తర్వాత మేము ఈ పని తెలిసిన మేస్త్రీలతో కూర్చుని మాట్లాడాం. తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాం.

అద్దం పలచగా కనిపించినా బరువెక్కువ. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న తలుపు దాదాపు 58 కిలోలు తూగుతుంది. దాన్ని ఒక్కడి చేత మోయించకూడదు. కనీసం ఇద్దరు, నిలువుగా పట్టుకుని మోయాలి.

పాత కిటికీల మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. ముందు టేపు అంటించి, పై ముక్కల నుంచి కిందికి తీసుకుంటూ రావాలి. కింది ముక్క ముందు లాగితే పైది చేతుల మీద పడుతుంది. టఫెన్డ్ అద్దానికి అంచే బలహీనం. మూల రాతి నేలకు తగిలితే మొత్తం ఒక్కసారిగా చిన్న ముక్కలై రాలిపోవచ్చు. కాబట్టి కింద చెక్క గానీ రబ్బరు గానీ వేసి ఆనించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, జారే అద్దాన్ని వదిలేసి పక్కకు తప్పుకోవాలి. ఇది ఆ అబ్బాయికి తెలియక కాదు. "పగిలితే ఆ డబ్బు నా కూలీలో కోస్తారన్న భయంతో చెయ్యి చాపాను" అన్నాడు.

దాతలారా, మీలో చాలామందికి దుకాణాలున్నాయి, ఇళ్లు కడుతున్నారు. అద్దాల పని పెట్టుకున్నప్పుడు తగినంతమంది మనుషులను అడగండి. మణికట్టు దాకా కప్పే గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు లేనిదే పని మొదలుపెట్టనివ్వకండి. "పగిలితే నష్టం నీది కాదు" అని ముందే చెప్పండి. గాయమైతే, గుచ్చుకున్న ముక్కను లాగకుండా దాని పక్కల శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి.

చెయ్యి తెగాక మీరిచ్చిన వేలు ఎంతో ఆదుకున్నాయి. కానీ తెగకముందు మీరు చెప్పే ఆ ఒక్క మాట ఆ చేతినే కాపాడుతుంది.